మేడ మీద మేడ, ఆపైన రైలు: అమీర్‌పేట మెట్రో స్టేషన్

మా విజయనగరంలో ఏ వీధిలో అడిగినా, డిగ్రీయో ఇంజినీరింగో పూర్తిచేసి, సాఫ్ట్‌వేరు కోర్సు కోసమని అమీర్‌పేట హాస్టళ్లలో ఆరు నెలలో ఏడాదో ఉండి వచ్చిన పిల్లలు ఒకరిద్దరైనా కనిపిస్తారు. శ్రీకాకుళంలోనూ అంతే. మన పిల్లలకు హైదరాబాదు అనగానే చార్మినార్ కంటే ముందు, అమీర్‌పేటలో ఈ కోర్సులకు పేరుపడ్డ మైత్రీవనం గుర్తుకొస్తుంది. వాళ్లను దింపడానికి వెళ్లే తల్లిదండ్రులకు, పంజాగుట్ట వైపు ఆసుపత్రులకు పెద్దవాళ్లను తీసుకువెళ్లే వాళ్లకు, హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసే బిడ్డల ఇళ్లకు పది రోజులు ఉండి రావడానికి వెళ్లే వాళ్లకు ఇప్పుడు అమీర్‌పేట మెట్రో స్టేషన్ తప్పనిసరి మజిలీ అయింది. 2017 డిసెంబరు మొదలు ఇప్పటిదాకా ఏడాదికి రెండు మూడుసార్లు ఆ స్టేషన్‌లో ఎక్కీ దిగీ మారీ తిరిగినదాన్ని కనుక, మన వైపు నుంచి కొత్తగా వెళ్లేవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

మెట్రో రాకముందు సికింద్రాబాదులో బండి దిగి అమీర్‌పేట చేరడమే సగం ప్రయాణమంత పెద్ద పని. 2016లో మా అమ్మాయిని కోర్సులో చేర్పించడానికి వెళ్లినప్పుడు, స్టేషన్ బయట ఆటో అతను అడిగినంతా ఇచ్చి ఎక్కితే, బేగంపేట దాటేసరికే గంట గడిచిపోయింది. ట్రంకు పెట్టె ఒకటి, పరుపు చుట్ట ఒకటి, ఆవకాయ సీసాల సంచి ఒకటి మా కాళ్ల మధ్య ఇరుక్కుని ఉండగా, ఆటోలోంచి తల బయటికి పెట్టి చూస్తే దారి పొడవునా రోడ్డు మధ్యన మెట్రో స్తంభాలు వరుసగా నిలబడి కనిపించాయి. వాటి మీద ఇంకా రైలు నడవడం లేదు. ఇవి పూర్తయితే ఈ బాధ ఉండదు కదా అని ఆ రోజు నేను పైకే అన్నాను.

ఆ మాట నిజం కావడానికి మరో ఏడాదిన్నర పట్టింది కానీ, అసలు కథ అంతకు చాలా ముందే మొదలైంది. హైదరాబాదు మెట్రోను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టడానికి ఎల్ అండ్ టీ సంస్థతో 2010 సెప్టెంబరు 4న ఒప్పందం కుదిరింది. అప్పటికి మనదంతా ఒకే రాష్ట్రం, హైదరాబాదు మనకూ రాజధానే. స్తంభాలు లేస్తుండగానే 2014లో రాష్ట్రం రెండయింది. 2017 నవంబరు 28న మియాపూర్‌లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ మెట్రోను ప్రారంభించగా, ఆ మర్నాటి నుంచే ప్రజలను ఎక్కనిచ్చారు. మొదటి విడతలో తెరిచిన 30 కిలోమీటర్ల దారిలో 24 స్టేషన్లు ఉన్నాయి.

ఆ మొదటి విడతలో అమీర్‌పేటది చాలా చిత్రమైన పరిస్థితి. మియాపూర్ నుంచి వచ్చే లైను అక్కడికి వచ్చి ఆగిపోయేది, నాగోలు నుంచి వచ్చే లైనూ అక్కడికే వచ్చి ఆగిపోయేది. అంటే ఆ నగరంలో మెట్రో మొదలైన రోజునే, ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్లదలచిన ప్రతి ఒక్కరూ అమీర్‌పేటలో దిగి మరో బండి ఎక్కవలసిందే. అంతకుముందు మెట్రో ముఖం చూడని జనానికి మొదటి పాఠమే మారడం అయింది. ప్రారంభమైన మూడో వారంలో నేను వెళ్లినప్పుడు, సగం మంది ప్రయాణానికి కాక రైలును చూడడానికే వచ్చినట్టుగా, పిల్లలను చంకనెత్తుకుని పై అంతస్తుకూ కింది అంతస్తుకూ తిరుగుతూ కనిపించారు. ఆ తరువాత 2018 సెప్టెంబరు 24న పంజాగుట్ట, నాంపల్లి, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ వరకు మూడో దారి తెరుచుకుంది. 2019 మార్చి 20న యూసఫ్‌గూడ, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, మాదాపూర్ మీదుగా హైటెక్ సిటీ దాకా నాలుగో దారి తెరుచుకుంది. అదే ఏడాది నవంబరు 29న ఆ లైను రాయదుర్గం వరకు పెరిగింది. అలా అమీర్‌పేట ఏడాదిన్నర వ్యవధిలో ఒక్కొక్క చేయి మొలిచినట్టుగా నాలుగు వైపులా దారులున్న కూడలిగా తయారైంది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి మహాత్మా గాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) వరకు మరో లైను కూడా మొదలయ్యాక మొత్తం 69 కిలోమీటర్ల దారి, 57 స్టేషన్లు అయ్యాయి. లైను మారే స్టేషన్లు ఇప్పుడు మూడున్నా, మన వాళ్లకు ఎక్కువగా పనిపడేది అమీర్‌పేటతోనే.

ఇక స్టేషన్ అమరిక. మన విజయనగరం జంక్షన్ నేల మీద అడ్డంగా పరుచుకున్న స్టేషన్. హౌరా, చెన్నై ప్రధాన మార్గం మీద ఉండి, పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ వెళ్లే లైను ఇక్కడే విడిపోతుంది కాబట్టి అది జంక్షన్ అయింది. బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన ఆ రాయపూర్ లైను పూర్తిగా అందుబాటులోకి వచ్చింది 1931లో. అక్కడ బండి మారాలంటే ఒక ప్లాట్‌ఫారం నుంచి వంతెన ఎక్కి, పట్టాల మీదుగా నడిచి, ఇంకో ప్లాట్‌ఫారం మీదికి దిగాలి. పక్కపక్కన ఉన్న వాటి మధ్య తిరుగుతాం కనుక ఎక్కిన మెట్లన్నీ మళ్లీ దిగక తప్పదు. అమీర్‌పేట దీనికి పూర్తిగా భిన్నం. నగరం నడిబొడ్డున, ఇరుకైన రోడ్డు మీద, రెండు లైన్లను పక్కపక్కన పరచడానికి చోటెక్కడ ఉంటుంది? అందుకని ఒకదాని మీద ఒకటి పేర్చారు.

అన్నిటికంటే కింద రోడ్డు. రోడ్డుకు రెండు పక్కల నుంచీ మెట్లు, ఎస్కలేటర్లు, లిఫ్టులు పైకి వెళతాయి. వాటి మీదుగా చేరేది మొదటి అంతస్తు. టికెట్ల కౌంటర్లు, సామాన్ల తనిఖీ, టికెట్టు చూపిస్తే తెరుచుకునే గేట్లు అన్నీ ఇక్కడే ఉంటాయి. ఈ అంతస్తులో గేట్ల బయటి భాగం టికెట్టు లేని వాళ్లు కూడా నడవడానికి వీలైనది. బస్సుల మధ్య నుంచి రోడ్డు దాటడానికి జంకేవాళ్లు ఒక పక్క ఎక్కి ఇంకో పక్క దిగిపోవచ్చు. మైత్రీవనం దగ్గర సాయంత్రం పూట రోడ్డు దాటడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు దీని విలువ చెప్పనక్కరలేదు. గేట్లు దాటి పైకి వెళితే రెండో అంతస్తులో మియాపూర్, ఎల్బీనగర్ మధ్య తిరిగే బండ్లు ఆగుతాయి. దీన్ని ఎర్ర లైను అంటారు. ఇంకా పైకి వెళితే మూడో అంతస్తులో నాగోలు, రాయదుర్గం మధ్య తిరిగే బండ్లు ఆగుతాయి. అది నీలి లైను. రెండు అంతస్తుల్లోనూ పట్టాలు మధ్యన, ప్లాట్‌ఫారాలు ఇరుపక్కలా ఉంటాయి. ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారేవాళ్లు గేట్ల బయటికి రానక్కరలేదు, మళ్లీ టికెట్టు కొననక్కరలేదు. ఒక్క అంతస్తు ఎక్కడమో దిగడమో చేస్తే చాలు.

ఈ స్టేషన్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. లైను మారే స్టేషన్ ఎంత పెద్దదన్నది కాదు, ఊరికి కొత్తయిన మనిషి చేతిలో సంచితో, పక్కన ముసలి తల్లితో దిగినప్పుడు ఎవరినీ అడగకుండా తన తరువాతి బండి దగ్గరికి చేరగలదా లేదా అన్నదే దానికి పరీక్ష. నీలం గుర్తు పట్టుకుంటే పైకి, ఎర్ర గుర్తు పట్టుకుంటే కిందికి. ఇంతకు మించి గుర్తుపెట్టుకోవలసినది లేదు. పేర్లు తెలుగులో రాసి ఉంటాయి, వచ్చే బండి ఎటు వెళుతుందో తెలుగులో చెబుతారు.

పోయిన ఏడాది మా అమ్మను పంజాగుట్టలో డాక్టరుకు చూపించడానికి తీసుకువెళ్లాను. ఆమె వయసు 78. సికింద్రాబాదులో రైలు దిగి, రేతిఫైల్ బస్టాండు వైపు బయటికి వచ్చి, సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్‌లో నీలి లైను ఎక్కాం. పరేడ్ గ్రౌండ్, ప్యారడైజ్, రసూల్‌పుర, ప్రకాశ్‌నగర్, బేగంపేట దాటగానే ఆరోది అమీర్‌పేట. నీలి లైనులో వచ్చాం కనుక దిగింది మూడో అంతస్తులో. అమ్మ ప్లాట్‌ఫారం మీద నిలబడి, చీర కొంగు నిండుగా కప్పుకుని, కిందికి తొంగిచూసింది. బస్సుల పైకప్పులు, వాటి మధ్య నుంచి దారి చేసుకుంటున్న మోటారు సైకిళ్లు కనిపించాయి. మనం కిందికి దిగి ఇంకో రైలు ఎక్కాలని చెబితే ఆమె నా ముఖంలోకి చూసి, ‘మేడ దిగితే మళ్లీ రైలేటే? దాని కిందన ఇంకేటుంది?’ అని అడిగింది. దాని కింద టికెట్ల గది, ఆ కిందన రోడ్డు అని చెప్పాను.

ఎస్కలేటరు దగ్గరికి వెళ్లాక ఆమె ఆగిపోయింది. కదిలే మెట్టు మీద పాదం పెట్టడానికి ముందుకు వంగడం, మెట్టు జారిపోతున్నట్టు అనిపించి వెనక్కి తీసుకోవడం, ఇలా మూడుసార్లు జరిగింది. రబ్బరు పట్టీ మీద వేసిన చెయ్యి మాత్రం పట్టీతోపాటు ముందుకు వెళ్లిపోతోంది. వెనక జనం పేరుకుంటున్నారు, అయినా ఎవరూ విసుక్కోలేదు. అక్కడ కాపలాగా ఉన్న అమ్మాయి దగ్గరికి వచ్చి, ‘అమ్మా, భయపడకండి, లిఫ్టు ఇటుంది, రండి’ అని చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లింది. లిఫ్టు తలుపు తెరుచుకున్నచోట నుంచి పది అడుగులు వేయగానే ఎర్ర లైను ప్లాట్‌ఫారం. మేం నిలబడి ఉండగానే పైన ఇంకో నీలి బండి వచ్చి ఆగిన చప్పుడు మా నెత్తిమీద వినిపించింది. అమ్మ తల పైకెత్తి కప్పును చూసి, ఇందాక మనం దిగింది అక్కడే కదా అంది. విజయనగరం తిరిగి వచ్చాక ఇరుగుపొరుగు వాళ్లకు ఆమె ఆ స్టేషన్‌ను ఎంత తేటగా వివరించిందో విన్నాక, దాని అమరిక ఎంత సరళమైనదో నాకు మరింత బాగా అర్థమైంది.

పెద్దవాళ్లకు సంబంధించి ఇంకొక సంగతి చెప్పాలి. మన రైలు పెట్టెల్లోకి ఎక్కాలంటే ఇనుప మెట్ల మీద కాలెత్తి పెట్టాలి, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు అది నరకం. మెట్రోలో ప్లాట్‌ఫారమూ పెట్టె నేలా ఒకే ఎత్తులో ఉంటాయి, గదిలోంచి వరండాలోకి వచ్చినట్టుగా ఎక్కవచ్చు, దిగవచ్చు. అయితే తలుపులు తెరిచి ఉండేది అర నిమిషం కూడా కాదు. మన వైపు బండ్లలోలాగా ముందు సామాను ఎక్కించి, తరువాత పిల్లలను, ఆఖరున మనం ఎక్కుదామనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. పెద్దవాళ్లను ముందు నడిపించి, వెనకే మనం సంచితో ఎక్కడం మంచిది. ఇవి మూడు పెట్టెల బండ్లు, దక్షిణ కొరియాకు చెందిన హ్యుండాయ్ రోటెమ్ సంస్థ తయారుచేసినవి. పట్టాల మధ్య వెడల్పు 1,435 మిల్లీమీటర్లు. మన విజయనగరం మీదుగా వెళ్లే బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. కాబట్టి రెండింటికీ కరెంటు మాత్రం పై తీగ నుంచి 25 వేల వోల్టులే అయినా, ఈ బండి ఆ పట్టాల మీదికి, ఆ బండి ఈ పట్టాల మీదికి రాలేవు. సికింద్రాబాదులో రైలు దిగి వేరే మెట్రో స్టేషన్‌కు నడవక తప్పకపోవడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇంత బరువును రోడ్డు మీద ఎలా నిలబెట్టారన్నది చూసిన ప్రతిసారీ ఆశ్చర్యం కలిగిస్తుంది. రోడ్డు మధ్య డివైడరు స్థలంలో స్తంభాలు లేపి, ఉప్పల్, మియాపూర్ వైపు యార్డుల్లో ముందుగానే పోతపోసిన కాంక్రీటు దిమ్మలను పెద్ద ట్రెయిలర్ల మీద తీసుకువచ్చి, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒక్కొక్కటిగా కలిపి వంతెనను అల్లుకుంటూ వెళ్లారు. ఈ నగరంలోని మామూలు మెట్రో స్టేషన్లకు మధ్య స్తంభాల మీద వెన్నెముక లాంటి కట్టడం, దాని నుంచి రెండు పక్కలా రెక్కలు చాచినట్టు అంతస్తులు ఉంటాయి. కింద రోడ్డును స్తంభాలతో నింపకుండా ఉండడానికి ఎంచుకున్న పద్ధతి అది. రెండు లైన్లను ఒకదాని మీద ఒకటి మోయవలసిన అమీర్‌పేట వాటికంటే ఎత్తైనది, బరువైనది.

ఈ స్టేషన్ చరిత్రలో ఒక విషాదం కూడా ఉంది. 2019 సెప్టెంబరు 22న, వానకు తడవకుండా స్టేషన్ కిందికి వచ్చి నిలబడిన ఒక యువతి మీద పైనుంచి కాంక్రీటు పెచ్చు ఊడిపడి ఆమె ప్రాణాలు పోయాయి. ఆమె కూడా అక్కడ తిరిగే వేలమంది పిల్లల్లాగే ఒక సాఫ్ట్‌వేరు ఉద్యోగిని. అమీర్‌పేటలో బిడ్డను ఉంచిన తల్లిగా ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ తరువాత స్టేషన్లన్నింటినీ తనిఖీ చేయించే ప్రయత్నాలు జరిగాయి. అంత ఎత్తైన స్టేషన్‌ను కట్టడమెంత ముఖ్యమో, ఏడాదికేడాదీ పెచ్చులు, పగుళ్లు, నీటి చెమ్మ చూసుకోవడమూ అంతే ముఖ్యం. ఆ సంగతి రాయకుండా ఎస్కలేటర్లను మాత్రమే మెచ్చుకుంటే ఈ సమీక్షకు అర్థం ఉండదు.

టికెట్ల విషయం పెద్దగా చెప్పుకోవలసినది కాదు. కౌంటరులో కాగితం టికెట్టు ఇస్తారు, దాని మీది క్యూఆర్ గుర్తును గేటుకు చూపించాలి. ఫోనులో వాట్సాప్ ద్వారా కూడా తీసుకోవచ్చు. తరచూ వెళ్లేవాళ్లు స్మార్టుకార్డు కొనుక్కోవడం నయం. 2025 మే నెలలో చార్జీలు సవరించాక కనిష్ఠం 11 రూపాయలు, గరిష్ఠం 69 రూపాయలు అయింది. అంతకుముందు అవి 10, 60 రూపాయలుగా ఉండేవి. టికెట్టు దిగేటప్పుడు కూడా గేటు దగ్గర కావాలి కనుక, లోపలికి వచ్చాం కదా అని పారేయకూడదు. మా బంధువు ఒకాయన అలా పారేసి చాలాసేపు ఇబ్బందిపడ్డారు.

రద్దీ గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 5 నుంచి 8 వరకు అమీర్‌పేట పై అంతస్తులో హైటెక్ సిటీ వైపు బండి ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు కలిసి కిక్కిరిసిపోతారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల దగ్గర నిలబడ్డవాళ్లకు ఈ జనం భయం కలిగించకపోవచ్చు. అయితే మన ఉత్సవంలో జనమంతా ఒకే వైపు చూస్తూ నిలబడతారు. ఇక్కడ ఒకరు పైకి, ఒకరు కిందికి, ఒకరు అటు, ఒకరు ఇటు, అందరూ పరుగు మీద ఉంటారు. ఆ సమయంలో పెద్దవాళ్లతో వెళ్లకండి. తప్పనిసరైతే ఒక బండి వదిలేసి, జనం పలచబడ్డాక లిఫ్టు దగ్గరికి నడవండి. తరువాతి బండి కొద్ది నిమిషాల్లోనే వస్తుంది. మెట్లు ఎక్కలేని మనిషికి ఇంత ఎత్తైన స్టేషన్‌లో లిఫ్టే దిక్కు కనుక, నిలువుగా పేర్చిన ఈ అమరికలో ఉన్న ఇబ్బంది అదొక్కటే. ఎక్కడ ఏ లిఫ్టు ఉందో, అది ఏ అంతస్తు వరకు వెళుతుందో ముందే గమనించి పెట్టుకోవాలి.

విశాఖలోనూ మెట్రో గురించి చాలా ఏళ్లుగా అనుకుంటున్నారు. అది మధురవాడ దాటి కొమ్మాది దాకా వస్తే మన విజయనగరానికి మరింత దగ్గరవుతుంది. దాన్ని గీస్తున్నవాళ్లు అమీర్‌పేటలో ఒక పూట నిలబడి, ముసలివాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో, పిల్లలతో వచ్చినవాళ్లు ఎటు చూసి తికమకపడుతున్నారో చూసి వస్తే బాగుంటుందని నా కోరిక.

మన వైపు నుంచి వెళ్లేవాళ్లకు చివరగా కొన్ని దారులు. అమీర్‌పేట, మైత్రీవనం వైపు హాస్టళ్లకు వెళ్లేవాళ్లు నీలి లైనులో వచ్చి అమీర్‌పేటలో దిగి నేరుగా కిందికి వచ్చేయాలి, లైను మారే పని లేదు. మాదాపూర్, హైటెక్ సిటీ వెళ్లేవాళ్లు అసలు దిగకూడదు, అదే బండిలో కూర్చుంటే సరిపోతుంది. అమీర్‌పేటలో అందరూ దిగుతున్నారని చూసి తామూ దిగిపోయి, మళ్లీ అదే ప్లాట్‌ఫారం మీద ఎదురుచూసేవాళ్లను నేను చాలామందిని చూశాను. పంజాగుట్ట, ఎర్రమంజిల్, నాంపల్లి వైపు వెళ్లేవాళ్లు ఒక అంతస్తు దిగి ఎల్బీనగర్ బండి ఎక్కాలి. కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ వైపు వెళ్లేవాళ్లు అదే అంతస్తులో ఎదుటి ప్లాట్‌ఫారం నుంచి మియాపూర్ బండి ఎక్కాలి. రాత్రి బండ్లు ఒక్కోసారి తెల్లవారకముందే సికింద్రాబాదు చేర్చేస్తాయి. మెట్రో మొదలయ్యేది ఉదయం 6 గంటలకు కనుక, ఆ కాసేపు రైల్వే స్టేషన్‌లోనే ముఖం కడుక్కుని టీ తాగి బయలుదేరడం మేలు. తిరుగు ప్రయాణంలో అమీర్‌పేట మూడో అంతస్తులో నాగోలు వైపు బండి అని చూసి ఎక్కండి. మా అమ్మ ఆ రోజు ఆ బోర్డు తనే చదివి, నా కంటే ముందు నడిచింది.